స్టాఫ్ 18 మందే కదా, పీఎఫ్ ఎందుకు? (హైదరాబాద్ రెస్టారెంట్‌కు లేబర్ నోటీసు వస్తే)

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: హైదరాబాద్‌లో రెండేళ్లుగా ఫ్యామిలీ రెస్టారెంట్ నడుపుతున్నారు. జీతాల పుస్తకంలో 18 మంది. గిన్నెలు కడగడానికి, క్లీనింగ్‌కి ఏజెన్సీ పంపిన నలుగురు వేరు. పొద్దున 11 నుంచి 4 దాకా, మళ్లీ సాయంత్రం 6:30 నుంచి 11:30 దాకా బ్రేక్ షిఫ్ట్. తిండి, రూము మీవే. జీతాలు నగదు. ఆఫ్‌లు నెలకు రెండు. ఇప్పుడు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ రిజిస్టర్లు తెమ్మని నోటీసిచ్చారు. "20 లోపే ఉన్నాం కాబట్టి మాకు ఏవి వర్తిస్తాయి, ఏవి వర్తించవు?" అన్నది ప్రశ్న.

సూటిగా చెప్తాను. మీరు 18 మంది కాదు, 22 మంది. కాబట్టి 20 మంది నుంచి పడే పీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) వర్తిస్తుంది. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) అయితే పదో మనిషి చేరిన రోజే మొదలైంది. అయితే మీ మీద పడే అసలు బరువు ఈ రెండూ కావు, రోజూ చేయిస్తున్న ఆ అదనపు రెండు గంటలు. ముందు షిఫ్టు సరిచేయండి, మిగతావి ఆ తర్వాత.

తలల లెక్క దగ్గరే చాలామంది పొరబడతారు. జీతాల పుస్తకంలో పేరున్నవాళ్లే స్టాఫ్ అనుకుంటారు. మీ సంస్థ పని కోసం ఎవరి ద్వారా వచ్చినా లెక్కలోకి వస్తారు: ఏజెన్సీ క్లీనర్లు, గేటు దగ్గర సెక్యూరిటీ, శనాదివారాలు వచ్చే పార్ట్‌టైమ్ కుర్రాళ్లు, మీ సొంత డెలివరీ బాయ్, జీతం తీసుకుంటూ క్యాష్‌లో కూర్చునే మీ బావమరిది కూడా. ఓనరు, పార్ట్‌నర్లు రారు. స్విగ్గీ, జొమాటో రైడర్లు మీ లెక్కలోకి రారు. ఇంకో విషయం: రెండు బ్రాంచీలుంటే వాటిని కలిపి ఒకే సంస్థగా చూస్తారు. అక్కడ 12, ఇక్కడ 12 ఉంటే పీఎఫ్ వాళ్ల దృష్టిలో 24. ఒక్కసారి 20 తాకి కవర్ అయ్యాక, తర్వాత 15కి దిగినా బయటపడరు. అందుకని ఇద్దర్ని తీసేసి "ఇప్పుడు 20 లేరు" అని రాసిస్తే పని జరగదు.

ఏజెన్సీ సంగతి. "వాళ్ల పీఎఫ్ వాళ్లే కడతారు, అగ్రిమెంట్‌లో ఉంది" అంటారు. కట్టకపోతే అడిగేది మిమ్మల్నే, ఎందుకంటే ప్రిన్సిపల్ ఎంప్లాయర్ (అసలు యజమాని) మీరు. ప్రతి నెలా ఏజెన్సీ బిల్లుతో పాటు చలాను ఒక్కటే చాలదు. మీ దగ్గర పనిచేసే ఆ నలుగురి పేర్లు, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్లు ఉన్న ఈసీఆర్ (ఎవరికెంత పీఎఫ్ కట్టారో చూపే నెలవారీ రిటర్ను) పేజీ కూడా తెప్పించుకోండి. ఊరికే చలాను చూపిస్తే అది వేరే సైటు వాళ్లదీ కావచ్చు. ఆ పేజీ రాకపోతే బిల్లులో ఆ మేరకు ఆపి పెట్టుకోండి.

ఇప్పుడు గంటలు. తెలంగాణ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం (1988) ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48. ఏకధాటిగా 5 గంటలకు మించి చేయించకూడదు, మధ్యలో గంట విశ్రాంతి ఉండాలి. మొదటిసారి లోపలికి వచ్చినప్పటి నుంచి చివరికి వెళ్లేదాకా, విరామాలతో కలిపి, 12 గంటలు దాటకూడదు. మీ షిఫ్టు పని గంటలు 10, రాక నుంచి పోక దాకా మొత్తం పన్నెండున్నర. వారానికి ఆరు రోజులే అనుకున్నా 60 గంటలు. నెలకు రెండే ఆఫ్‌లు కాబట్టి కొన్ని వారాలు 70. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాల్సిందే, దానికి జీతం కోయకూడదు.

2025 జులైలో వచ్చిన జీవో చూపించి "ఇప్పుడు 10 గంటలు చేయించొచ్చు" అనేవాళ్లు తగులుతారు. అది షాపుల్ని మినహాయించి కమర్షియల్ సంస్థలకు ఇచ్చింది. పైగా వారానికి 48 గంటల హద్దు అందులోనూ ఉంది. మీ 60కి అది గొడుగు పట్టదు.

అదనపు గంటకు రెట్టింపు జీతం. లెక్క వేసి చూడండి. వెయిటర్ జీతం 15,000 అనుకుందాం. 26 రోజులు, 8 గంటలు, అంటే 208 గంటలు. గంటకు సుమారు 72 రూపాయలు, రెట్టింపు 144. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 52 గంటలు. ఓవర్‌టైమ్ 7,500. అంటే రోజుకు రెండు గంటలు ఎక్కువ చేయిస్తే సరిగ్గా సగం జీతం బాకీ పడుతున్నారు, జీతం ఎంతైనా సరే. అలాంటి నలుగురికి నెలకు 30,000. అదే ఎనిమిది గంటల పనికి కొత్త మనిషిని పెట్టుకుంటే జీతం 15,000, యజమాని వాటా పీఎఫ్ ఖర్చు 1,950, ఈఎస్ఐ 488. మొత్తం 17,438. "మనుషులు దొరకట్లేదు, ఉన్నవాళ్లతోనే లాగిస్తున్నాం" అన్నది చట్టప్రకారం చూస్తే ఖరీదైన దారి. ఇన్నాళ్లూ ఓవర్‌టైమ్ ఇవ్వలేదు కాబట్టి చవగ్గా కనబడింది.

షిఫ్టు ఇలా విడగొట్టొచ్చు. సర్వీసు వాళ్లు 11:30 నుంచి 3:30, మళ్లీ 7 నుంచి 11. పని 8, రాక నుంచి పోక దాకా పదకొండున్నర. కిచెన్ మొదటి బ్యాచి 10 నుంచి 2, 6 నుంచి 10. మసాలా, కటింగ్, గ్రేవీలు వీళ్లవి. గిన్నెల దగ్గరున్నవాళ్లు 1 నుంచి 5, 8 నుంచి 12. మూత వేశాక కడిగే పని వీళ్ల మీదే పడుతుంది కాబట్టి ఆలస్యంగా మొదలుపెట్టించాలి. ఆఫ్‌లు సోమ, మంగళ, బుధ, గురువారాల మీద పంచండి. ఈ చార్టు గోడకు అంటించండి. మధ్యాహ్నం గ్యాప్‌లో "ఒక్క నిమిషం, బల్క్ ఆర్డరొచ్చింది" అని రూము నుంచి పిలిపిస్తే అది విశ్రాంతి కాదు, పని గంటే.

హాజరు పుస్తకం గురించి ఒక మాట. అందరికీ ఒకే టైము, ఒకే పెన్ను, ఒకే చేతిరాత ఉన్న రిజిస్టరు చూడగానే తెలిసిపోతుంది. ఇప్పుడు బిల్లింగ్ మెషీన్ కూడా సాక్ష్యమే. రాత్రి 11:40కి కొట్టిన కేఓటీ (వంటింటికి వెళ్లే ఆర్డరు చీటీ) మీద ఒక కెప్టెన్ పేరుంటుంది, హాజరు పుస్తకంలో మాత్రం అతను 10కే వెళ్లిపోయినట్టుంటుంది. ఆ ఒక్క చీటీ చాలు మొత్తం రిజిస్టరు విలువ పోవడానికి.

కనీస వేతనం, తిండి, రూము. హోటళ్లు, రెస్టారెంట్లకు తెలంగాణలో విడిగా కనీస వేతనాల జాబితా ఉంది. కుక్, వెయిటర్, క్లీనర్ ఇలా పనిని బట్టి, జోన్‌ను బట్టి మారుతుంది. కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న సవరిస్తారు. ఏడాదికి రెండుసార్లు ఆ కాగితం దించుకుని ఒక్కొక్కరి జీతం పక్కన పెట్టి చూసుకోవాలి. పోయిన ఏడాది సరిపోయిన జీతం ఈ ఏడాది వందో రెండొందలో తక్కువ పడొచ్చు, కేసుకి అది చాలు. (మీరు ఆంధ్రలో ఇంకో బ్రాంచి పెడితే అక్కడి జాబితా వేరు. ఇక్కడిది అక్కడ చెల్లదు.)

"జీతం 10,000, కానీ తిండి, రూము కలిపితే 16,000 పడుతుంది" అనే లెక్క దాదాపు ప్రతి హోటల్లో వినిపిస్తుంది. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి తెచ్చింది. వాటిలో వేతనాల కోడ్ ప్రకారం వస్తురూపంలో ఇచ్చేది మొత్తం వేతనంలో 15 శాతం దాకానే వేతనంగా లెక్కకొస్తుంది. 15,000 మీద అది 2,250. ఆ పైన మీరు పెట్టే బిర్యానీ మీ ఉదారతే. టిప్పులు అసలు లెక్కకే రావు, అవి కస్టమరు ఇచ్చినవి. సర్వీస్ చార్జి నుంచి సర్దుతామనుకుంటే, దాన్ని బిల్లులో తప్పనిసరి చేయకూడదని వినియోగదారుల ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది.

ఇదే కోడ్‌లో ఇంకో మెలిక. బేసిక్ 5,000 పెట్టి మిగతా 10,000 అలవెన్సులుగా చీల్చి పీఎఫ్ తగ్గించుకునే పాత చిట్కా ఇక సాగదు. మినహాయింపు ఉన్న అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంత తిరిగి వేతనంలో కలుస్తుంది. హోటల్ స్టాఫ్‌కు బేసిక్ ప్లస్ కరువు భత్యం కనీస వేతనానికి సమానంగా పెట్టేసి వదిలేయడమే నయం.

షాప్స్ చట్టం రాష్ట్రానిది, కోడ్‌లు దాన్ని రద్దు చేయలేదు. రెండూ పాటించాలి.

జీతం ఆపడం, కోయడం. జీతం తర్వాతి నెల 7లోగా చేతికందాలి. మనిషి మానేసినా, మీరు తీసేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. హోటళ్లలో మామూలైన "మొదటి 15 రోజుల జీతం హోల్డ్" ఈ నిబంధనకు నేరుగా విరుద్ధం. చెప్పకుండా వెళ్లిపోతారని భయం, అది నాకూ అర్థమవుతుంది. దానికి నోటీసు పీరియడ్ రాసుకోండి, జీతం పట్టుకోకండి. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన కుర్రాళ్లకు అడ్వాన్సు ఇచ్చి, ఆధార్ కార్డు ఒరిజినల్ లాక్కుని పెట్టుకుంటే వ్యవహారం వేతనాల కేసు దాటి వెట్టిచాకిరీ చట్టం దాకా వెళ్తుంది. అడ్వాన్సు కాగితం మీద రాయండి, నెలకెంత కోస్తారో అందులోనే ఉండాలి.

పగిలిన ప్లేట్లకు, బిల్లు కట్టకుండా వెళ్లిపోయిన టేబుల్‌కు వెయిటర్ జీతం కోస్తుంటారు. నష్టం అతని నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలాలి, అతని మాట వినాలి, అప్పుడే కోయాలి. జరిమానా అయితే ఆ నెల వేతనంలో 3 శాతం మించకూడదు. అన్ని కోతలూ కలిపి సగం దాటకూడదు. కస్టమరు పారిపోతే వెయిటర్ బాధ్యుడనడం ఎక్కడా నిలవదు.

నగదు ఇవ్వడం నేరం కాదు. కానీ జీతం ఇచ్చామని నిరూపించాల్సింది యజమాని, ఇవ్వలేదని వర్కరు కాదు. మూడేళ్ల వెనక్కి క్లెయిమ్ వేయొచ్చు, తేలిన బాకీకి పదిరెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. ఈ నెల నుంచే బ్యాంకుకో, యూపీఐకో మారండి. మేనేజరు ఫోన్ నుంచి కాదు, సంస్థ ఖాతా నుంచి.

పీఎఫ్. యజమాని 12, ఉద్యోగి 12 శాతం, పైన ఈడీఎల్ఐ (ఉద్యోగి చనిపోతే కుటుంబానికి వచ్చే బీమా), అడ్మిన్ చార్జీలు ఒక శాతం. తర్వాతి నెల 15వ తేదీలోగా. మీకు నొప్పి పుట్టేది ఇక్కడ: 20 దాటిన రోజు నుంచి ఇప్పటిదాకా కట్టనిదంతా కట్టాలి, ఉద్యోగి వాటా కూడా మీ జేబులోంచే. అప్పుడు కోయని వాటాను ఇప్పటి జీతంలో కోయడానికి వీల్లేదు. 15,000 జీతం మీద నెలకు మనిషికి 3,750. ఉదాహరణకు పదహారు మందికి ఏడాది లెక్క 7,20,000. దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆలస్యానికి నెలకు 1 శాతం డ్యామేజెస్. అందుకే ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ వచ్చేదాకా ఆగకుండా, 20 తాకిన తేదీ మీరే ఏజెన్సీ బిల్లుల నుంచి తేల్చి పీఎఫ్ కోడ్ నంబరు తీసుకోండి.

చేరేటప్పుడే 15,000 మించి వేతనం ఉండి, అంతకుముందు ఎప్పుడూ పీఎఫ్ సభ్యుడు కానివాళ్లను మినహాయించొచ్చు. మీ మెయిన్ చెఫ్ ఇందులోకి రావచ్చు. కానీ చేరిన రోజే ఫారం 11 (పాత పీఎఫ్ సభ్యత్వం గురించిన ప్రకటన) రాయించుకోవాలి. పాత హోటల్లో యూఏఎన్ ఉండి దాచాడంటే మినహాయింపు పోతుంది. "మాకు పీఎఫ్ వద్దు, చేతికి మొత్తం ఇవ్వండి" అని కుర్రాళ్లు సంతకం పెట్టిచ్చిన కాగితాలు చాలాచోట్ల ఫైల్‌లో ఉంటాయి. వాటికి విలువ సున్నా.

కొత్త యూఏఎన్ 2025 ఆగస్టు నుంచి ఉమాంగ్ యాప్‌లో ముఖం స్కాన్ చేసి తీయాలి. ఆధార్‌లో పేరు ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉండటం, ఊళ్లో పోగొట్టుకున్న సిమ్ నంబరే ఆధార్‌కు ఉండటం, ఈ రెండూ పని ఆపేస్తాయి. చేరిన రోజే చూసుకోండి. నేపాల్ వాళ్లకు ఆధార్ లేకపోవచ్చు, వాళ్లకు ముఖం స్కాన్ నుంచి మినహాయింపు ఉంది. వాళ్లను ఇండియన్ వర్కర్లుగానే చూస్తారు కాబట్టి పీఎఫ్ మాత్రం తప్పదు. పీఎఫ్ కోడ్ నంబరు వచ్చాక కొత్తగా పెట్టుకునేవాళ్లకు కేంద్రం వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద యజమానికి నెలకు 3,000 దాకా ఇస్తుంది. 2027 జులై 31 దాకా చేరినవాళ్లకు. 50 మంది లోపు సంస్థ కనీసం ఇద్దర్ని అదనంగా తీసుకోవాలి. షిఫ్టులు విడగొడితే మీకెలాగూ మనుషులు కావాలి.

ఈఎస్ఐ. పది మంది నుంచి. నెలకు 21,000 దాకా వేతనం ఉన్నవాళ్లకు. మీది 3.25 శాతం, వాళ్లది 0.75. వంటింటి వ్యాపారానికి ఇంత చవకైన రక్షణ ఇంకోటి లేదు. మరిగే నూనె మీద పడినా, చాపర్‌లో వేలు తెగినా చికిత్సతో పాటు పని చేయలేని రోజులకు వేతనంలో 90 శాతం ఇస్తుంది. పని మీద జరిగిన గాయానికి ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న షరతు లేదు, మొదటి రోజే జరిగినా వర్తిస్తుంది. కానీ పేరు నమోదు కాకపోతే ఆ ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తారు. "వారం రోజులు చూసి, ఉంటాడనుకుంటే పేరెక్కిద్దాం" అనే అలవాటు ఇక్కడే కొంప ముంచుతుంది. కాలినవాడు ఆసుపత్రికి చేరిన సాయంత్రం ఆన్‌లైన్‌లో చేరిక తేదీ వారం వెనక్కి వేస్తే వాళ్లకు తెలియకపోదు. అప్రాన్ ఇచ్చే ముందే నంబరు తీయండి.

ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి అని రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్‌లు. మధ్యలో జీతం 21,000 దాటితే ఆ పీరియడ్ అయ్యేదాకా కట్టాలి. ఇంక్రిమెంట్ ఇచ్చిన నెలే ఆపేస్తే తర్వాత నోటీసొస్తుంది.

వయసు. ఇందులో బేరం లేదు. 14 లోపు పిల్లల్ని ఏ పనికీ పెట్టకూడదు. ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20,000 నుంచి 50,000 జరిమానా. 14–18 మధ్య వాళ్లకు రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని నిషేధం, ఓవర్‌టైమ్ కూడదు; డిన్నర్ లేని రెస్టారెంట్ ఉండదు కాబట్టి 18 లోపు వద్దనుకోండి. తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు, లేబర్, శిశు సంక్షేమ శాఖలు కలిసి హోటళ్ల మీదికి వస్తాయి. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే చాలాసార్లు అది అంచనాగా వేయించుకున్నదే. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. మీసం రాని కుర్రాడైతే స్కూలు టీసీ అడగండి. ఏజెన్సీ తెచ్చాడన్నది సమాధానం కాదు.

మిగతావి త్వరగా. వృత్తి పన్ను: జీతం 15,000 దాటితే నెలకు 150, 20,000 దాటితే 200. బోనస్ 20 మందికి వర్తిస్తుంది, కనీసం 8.33 శాతం; మీరు మొదలుపెట్టి రెండేళ్లే కాబట్టి తొలి ఐదేళ్లలో లాభం వచ్చిన సంవత్సరానికే ఇవ్వాలి. గ్రాట్యుటీ పది మందికి, ఐదేళ్లు నిండినవాళ్లకు. ఆరేళ్లు చేసినవాడి చివరి జీతం 15,000 అయితే 51,923 రూపాయలు, ఇప్పటినుంచే పక్కన పెట్టుకోండి. పది మంది, ఆపైన ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ తప్పనిసరి. మహిళే అధ్యక్షురాలు, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో, మొత్తంలో కనీసం సగం మంది మహిళలు. స్టాఫ్‌లో ఆడవాళ్లు ఇద్దరే ఉన్నా కమిటీ ఉండాలి. లేకపోతే 50,000 దాకా జరిమానా. రాత్రి 7 తర్వాత మహిళలతో పని చేయించాలంటే రాతపూర్వక సమ్మతి, ఇంటికి చేర్చే వాహనం. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం. వాళ్లకు తెలుగు రాకపోతే హిందీలో ఇవ్వండి, అర్థం కాని కాగితం మీద సంతకం మీకే ఎదురు తిరుగుతుంది.

ఇక నోటీసు. గడువు లోపలే వెళ్లండి. అన్నీ సిద్ధంగా లేకపోతే గడువు దాటనివ్వకుండా రాతపూర్వకంగా టైము అడగండి. షాప్స్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఉద్యోగుల సంఖ్య ఎంత రాసి ఉందో ముందు చూడండి. ప్రారంభంలో 8 అని రాసి వదిలేసి ఉంటే సవరణ దరఖాస్తు పెట్టి ఆ నంబరు తీసుకెళ్లండి. పాత నెలలకు కూర్చుని కొత్తగా రిజిస్టర్లు రాయకండి. లేనివి లేవని చెప్పి, ఈ నెల 1వ తేదీ నుంచి మొదలుపెట్టినవి చూపించండి. వేతనాల కోడ్‌లో రిజిస్టర్లు సరిగ్గా లేకపోవడం లాంటి తప్పు మొదటిసారైతే ప్రాసిక్యూషన్‌కు ముందు సరిదిద్దుకునే గడువు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఐదేళ్లలో మళ్లీ అదే తప్పు దొరికితే ఆ అవకాశం లేదు. తక్కువ వేతనానికి జరిమానా 50,000 దాకా, రెండోసారికి లక్ష దాకా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. దొంగ రిజిస్టరు పెడితే ఆ మొదటి అవకాశాన్ని మీ చేతులతో మీరే పోగొట్టుకున్నట్టు.

ఓవర్‌టైమ్ బాకీలకు మనిషికో షీటు వేయండి: నెల, గంటలు, రేటు, మొత్తం. ఒప్పుకున్నది బ్యాంకులో వేసి సంతకం తీసుకోండి, ఆ షీట్లు సమాధానంతో జత చేయండి. ఆఫీసులో ఒరిజినల్స్ ఇచ్చి రాకండి. కాపీలివ్వండి, మీ దగ్గరుండే సెట్టు మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకుని బయటికి రండి.